గొల్లభామ గారికి ఈగల విందు!

కుక్కకి బిస్కెట్లు, పిల్లికి పాలు, చిలక్కి జామకాయ... పెంపుడు జీవికి ఏం పెట్టాలో ఎవర్నీ అడగక్కర్లేదు. మరి గొల్లభామకో? బతికున్న పురుగే కావాలి. అదీ కళ్లముందు కదలాలి. చచ్చిన ఈగను ఎదురుగా పెడితే మామూలుగా కన్నెత్తి కూడా చూడదు. అందుకే అమెరికా, జర్మనీ, బ్రిటన్, జపాన్‌లలో గొల్లభామల్ని సరదాగా పెంచుకునేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది ఈగల పెంపకం!

అమెరికా సంగతే తీసుకోండి. 1896 ప్రాంతంలో ఫిలడెల్ఫియా దగ్గర తొలిసారి కనిపించిన చైనా గొల్లభామ ఇప్పుడక్కడ తోటల్లో మామూలే. చీడపురుగుల్ని తింటుందని దాని గుడ్ల గూళ్లను దుకాణాల్లో అమ్ముతారు (తేనెటీగల్నీ వదలదు, అది వేరే సంగతి). చలికాలంలో పిల్లలు కొమ్మకున్న గూడును ముచ్చటపడి ఇంట్లోకి తెచ్చారనుకోండి, ఆ వెచ్చదనానికి వసంతం వచ్చేసిందనుకుని అది కాస్తా పొదుగుతుంది. ఒక్కసారిగా వందకు పైగా పిల్లలు! బయటేమో మంచు. ఒక్క పురుగు దొరకదు. ఆకలికి తట్టుకోలేక అవి ఒకదాన్నొకటి తినేస్తాయి.

ఆ గండం గడవాలంటే ముందుగానే ఈగలు సిద్ధంగా ఉండాలి. ఉడికించి మెదిపిన బంగాళదుంప లేదా అరటిపండు గుజ్జు, కాస్త పంచదార, బూజు పట్టకుండా కొంచెం వెనిగర్, పైన చిటికెడు ఈస్ట్. ఇదీ పండు ఈగల వంటకం. ప్లాస్టిక్ కప్పులో వేసి, ఈగలు పాకడానికి కాస్త చెక్క పీచు పెట్టి, గాలి ఆడేలా గుడ్డ కడతారు. వెచ్చగా ఉంటే పది, పన్నెండు రోజుల్లో కొత్త తరం బయటికొస్తుంది. మన వంటింట్లో అయితే మగ్గిన అరటిపండు ఒక్కటి చాలు, పిలవకుండానే వస్తాయి! కాకపోతే వాళ్లు పెంచేది ఎగరలేని రకాలు. 1910 నాటికే కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గాన్ ఈ ఈగలమీదే జన్యు పరిశోధనలు చేస్తున్నారు. రెక్కలు సరిగా లేని రకాలు అలాంటి ప్రయోగశాలల్లోనే బయటపడ్డాయి. అయితే, మరీ వేడిలో పెంచితే వాటిలో కొన్నింటికి రెక్కలు పెరిగిపోతాయి.

ఒక్క కప్పునే నమ్ముకోకూడదు. నల్లులు పట్టినా, బూజొచ్చినా మొత్తం పోతుంది. అందుకే అనుభవజ్ఞులు వారానికో కప్పు మొదలుపెట్టి, మూతమీద తేదీ రాసుకుంటారు.

గొల్లభామ పెరిగేకొద్దీ పెద్ద ఈగలు, కీచురాళ్లు వేస్తారు. ఆహారం దాని ఒంట్లో సగానికి మించకూడదన్నది ఒక లెక్క. పొట్ట నిండుగా కనిపిస్తే ఇంక చాలు. తోటలో పట్టిన పురుగులు మాత్రం వద్దు, వాటిమీద మందు కొట్టారేమో ఎవరికి తెలుసు? అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది కుబుసం విడిచేటప్పుడు. అప్పుడది తలకిందులుగా వేలాడుతుంది. ముందు ఒకట్రెండు రోజులు తిండి ముట్టదు. తినలేదు కదా అని కీచురాయిని అందులోనే వదిలేస్తే కథ తిరగబడుతుంది... మెత్తటి ఒంటితో కదల్లేని గొల్లభామనే అది కొరికేస్తుంది!

అన్నట్టు, ఈ పెంపకందారులు ముచ్చటపడే వాటిలో మన దక్షిణాది జీవి కూడా ఉంది. ఎండుటాకులాంటి ఒళ్లు, సన్నటి పొడవాటి మెడతో ఉండే వయొలిన్ గొల్లభామ. దక్షిణ భారతం, శ్రీలంక దాని పుట్టిల్లు. వేడి బాగా కావాలి. పైగా ఎగిరే పురుగులైతేనే ఇష్టంగా తింటుంది, పాకేవి పెద్దగా పట్టించుకోదు. దానికోసం బ్రిటన్‌లో చేపల గాలాలమ్మే దుకాణానికి వెళ్తారు. అక్కడ ఎరగా అమ్మే ఈగ పురుగుల్ని కొని, ప్యూపా దశకు రాగానే ఫ్రిజ్‌లో పెడతారు. చల్లదనానికి వాటి ఎదుగుదల మందగిస్తుంది. కావలసినప్పుడు గుప్పెడు బయటపెడితే కొద్ది రోజుల్లో ఈగలు! ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఆ డబ్బా ఉండటానికి ఇంట్లో మిగతావాళ్లు ఒప్పుకోవాలి మరి.