చలికాలపు మేతకు కోతల్లోనే పునాది

మేత కొరత అనగానే వేసవి గుర్తుకు వస్తుంది. అయితే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఆరుబయట మేసి బతికే గేదెలకు, ఆవులకు చలికాలమూ గడ్డుకాలమే. సార్వా వరి కోత పూర్తయ్యే వరకు పొలాల్లోకి పశువును వదలడానికి వీలుండదు. కోసిన వెంటనే మాగాణుల్లో మినుమో, మొక్కజొన్నో వస్తుంది. ఇక మిగిలేవి కాలువ గట్లు, డొంకలు, మురుగు కాలువల ఒడ్లు. వానలు వెనుకబట్టడంతో అక్కడి గడ్డి ముదిరి పీచుబారుతుంది.

సరిగ్గా ఈ రోజుల్లోనే గేదెకు పోషణ అవసరం హెచ్చుగా ఉంటుంది. వర్షాకాలం చివర ఈనిన గేదెలు అప్పటికి నిండు పాడిలో ఉంటాయి. అవి ఎదకు వచ్చేదీ ఎక్కువగా చల్లని నెలల్లోనే. ఒళ్లు తీసిన గేదెలో ఎద ఆలస్యమవుతుంది, లేదా మూగ ఎదగా గడిచిపోతుంది. మాఘం దాటితే వేసవి వేడి అడ్డు వస్తుంది. చూలు మళ్లీ వానాకాలానికి వాయిదా పడుతుంది. పూట పాలు తగ్గితే కనిపిస్తుంది గాని, ఈ నష్టం ఏడాది తరువాత గాని తెలియదు.

డెల్టా రైతుకు గడ్డివాము ఉన్నదన్న ధీమా ఉంటుంది. రోజుకు ఆరు కిలోల చొప్పున రెండు గేదెలకు 120 రోజులకు కావలసిన ఎండుగడ్డి సుమారు ఒకటిన్నర టన్ను. ఎకరం వరిపొలం ఈ అవసరాన్ని సులువుగా తీర్చగలదు. కాని వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు, నాలుగు శాతం మాత్రమే. పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయాలంటే మేతలో కనీసం ఏడు శాతం ఉండాలి. పైగా ఈ గడ్డిలో సిలికా ఎక్కువ. ఆక్సలేట్లు సున్నాన్ని పశువుకు అందకుండా పట్టి ఉంచుతాయి. అందుచేత వట్టి వరిగడ్డి కడుపు నింపుతుందే గాని ఒంటికి పట్టదు.

ఈ లోటును పూడ్చే పనులు కోతల సమయంలోనే మొదలుపెట్టాలి. మొదటిది పప్పుజాతి పచ్చిమేత. డెల్టాలో పిల్లిపెసర, జనుము పాత అలవాటే. చేత్తో కోసే పొలంలో కోతకు రెండు, మూడు రోజుల ముందు విత్తనం చల్లితే నేలలో మిగిలిన తేమతోనే పైరు వస్తుంది. యంత్రంతో కోసే చోట చక్రాల కింద మొలక నలుగుతుంది గనుక, కోత ముగిసిన వెంటనే తేమ ఆరకముందే చల్లాలి. సుమారు 50, 60 రోజులకు పిల్లిపెసర మేతకు అందుతుంది. పొలమంతా కేటాయించలేని రైతు పాతిక సెంట్లు విడిచినా మేలే. బాపట్ల ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింటు నీరు ఉన్నవారు అక్టోబరు, నవంబరుల్లో లూసర్న్ వేసుకోవచ్చు. రేపల్లె వైపు నీరు నిలిచే పల్లాల్లో పారాగడ్డి అనువైనది.

రెండవది గడ్డిని మాగవేయడం. నాలుగు కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, 100 కిలోల ఎండుగడ్డిపై పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టాతో కప్పి మూడు వారాలు ఉంచాలి. మాంసకృత్తులు సుమారు రెట్టింపవుతాయి, గడ్డి మెత్తబడి అరుగుదల పెరుగుతుంది. రెండు గేదెలున్న ఇంటికి మూడు వారాలకు రెండున్నర క్వింటాళ్లు సరిపోతుంది గనుక, ఒక కుప్ప విప్పిన రోజే మరొకటి వేయాలి. తీసిన గడ్డిని గంటసేపు ఆరనిచ్చి, ఘాటు తగ్గాక, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలలలోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీటిని పశువు తాగితే ప్రాణాపాయం.

మూడవది వాము భద్రత. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్దే తీరం దాటింది. కోతల వేళ ఇటువంటి వాన కురిస్తే ధాన్యాన్ని కాపాడే ఆత్రంలో తడిసిన గడ్డి అలాగే వాము చేరుతుంది. బూజు పట్టిన వరిగడ్డి మేసిన గేదెల్లో డెగ్నాలా వ్యాధి వస్తుంది. ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లోని డెగ్ వాగు ప్రాంతంలో మొదట గుర్తించినందున దానికా పేరు. కాళ్లు వాచి, పశువు కుంటుతుంది, తోక కొస, చెవుల అంచులు ఎండి రాలిపోతాయి, గిట్టలూ ఊడవచ్చు. చలికాలంలోనే ఇది అధికం. గడ్డిని బాగా ఎండబెట్టి, మెరక మీద, అడుగున కట్టెలు పరచి వామి వేయాలి. నల్లబడిన, ముక్కవాసన గల గడ్డిని పశువుకు వేయరాదు. లక్షణాలు కనిపిస్తే ఆ గడ్డిని ఆపి వెంటనే పశువైద్యుని సంప్రదించాలి.

వీటికి తోడు పాడిగేదెకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో దాణా అవసరం. మేత, దాణా ఎంత ఉన్నా చన్నీళ్లకు వెనుకాడి పశువు తక్కువ తాగితే మేతా తగ్గిస్తుంది. పొద్దెక్కాక బోరు నీరు పెట్టడం మంచిది.

వరికోత యంత్రం వదిలిన గడ్డిని తరువాతి పైరు తొందరలో తగులబెట్టే రైతే పుష్యమాసంలో గడ్డి కొనవలసి వస్తున్నది. బేలరుతో కట్టలు కట్టించి, ఆరబెట్టి దాచిన ఎకరం గడ్డి, పక్కన పాతిక సెంట్ల పిల్లిపెసర, ఒక బస్తాన్నర యూరియా రెండు గేదెలను చలికాలం దాటించగలవు. ఆ నిర్ణయం ధాన్యం కల్లం చేరకముందే జరగాలి.