శిశువుల మిశ్రభాష – తలిదండ్రుల భయము

“నాన్నా, బాల్ మంచం కిందికి రోల్ అయిపోయింది” అని మూడేండ్ల బాలుడు పలికినచో వెనుకటి తండ్రి నవ్వి బంతి తీసి యిచ్చియుండును. నేటి తండ్రికి నవ్వు రాకున్నది. రెండు భాషలను కలగలుపుట ఏదో మనోవికాసలోపమునకు గుర్తేమోయని అతని శంక. ఇరుగుపొరుగువారు ఆటిజమను పేరును చెవిని వేయుదురు. “ఇంటిలో తెలుగు మానుడు, ఒక్క ఇంగ్లీషే మాటాడుడు, అంతయు సర్దుకొనును” అని ఉపదేశించువారు బయలుదేరుదురు. ఈ యుపదేశము హైదరాబాదు వంటి నగరములందును, సముద్రములు దాటి స్థిరపడిన తెలుగు కుటుంబములందును వినబడుచునే యున్నది.

ఇది చిన్న యుపదేశము కాదు. దీనివలన ఇంటి నడవడియే మారిపోవును. ఇంగ్లీషు రాని నాయనమ్మ మనుమనితో మాటాడుటకు జంకును. ఇంగ్లీషు చదివియు ఆ భాషలో లాలింప నేర్వని తల్లి మూడు మాటలకు బదులు ఒక మాట యాడి యూరకుండును. ఇంతటి త్యాగమును కోరువారు తగిన ప్రమాణమును చూపవలెను గదా! అట్టి ప్రమాణము కలదా యని విచారింతము.

మొదట మిశ్రభాష సంగతి. బిడ్డ మాటలను కలుపుట గందరగోళము కాదు. “బుక్కు బ్యాగులో పెట్టు” అనునే గాని, ఇంగ్లీషు ఫక్కిని “పెట్టు బుక్కు లో బ్యాగు” అనడు. ఇంగ్లీషు మాటను తెచ్చి, తెలుగు విభక్తిని తగిలించి, తెలుగు వాక్యమున ఉచితస్థానమున నిలుపుచున్నాడు. ఆ వస్తువు పేరు బడిలో నేర్చెను గనుక బడి మాట ముందు నోటికి వచ్చినది, అంతియే. జర్మను భాషాపండితుడగు వెర్నరు లియోపోల్డు అమెరికాలో తన కుమార్తె హిల్డెగార్డు పలుకులను దినదినమును వ్రాసియుంచి, 1939 మొదలు 1949 వరకు నాలుగు సంపుటములుగా ప్రకటించెను. ఆమెయు పసితనమున జర్మను, ఇంగ్లీషు మాటలను కలిపినదే; పెరిగినకొలది వేరుపరచుకొన్నది.

పెద్దలమైన మనమేమి చేయుచున్నాము? దస్తావేజు, రసీదు, జమాబందీ పారసీకముద్వారా వచ్చినవి. మేస్త్రి, అలమార పోర్చుగీసువారి సొమ్ము. ఇట్టి మాటలకై చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1854లో ఒక మిశ్రభాషా నిఘంటువునే ప్రకటించెను. ఆ నిఘంటువును రోగుల పట్టికయని ఎవరును అనలేదు.

రెండు భాషలు బుద్ధిని మందగింపజేయునను నమ్మకము పాతదే. 1923లో వేల్సు దేశమున డి. జె. సేరు జరిపిన పరీక్షలలో గ్రామప్రాంతముల ద్విభాషా బాలురు వెనుకబడినట్లు తేలగా, ఆ లెక్క చాలకాలము ప్రమాణమై నిలిచినది. 1962లో కెనడాలోని మాంట్రియలు నగరమున పీలు, లాంబర్టు అనువారు కుటుంబముల స్థితిగతులను సరిసమానముగా చూచి పోల్చగా ఫలితము తలక్రిందులైనది; రెండు భాషల పిల్లలే ముందున్నారు. లోపము భాషలలో లేదు, కొలిచిన కోలలో నున్నది.

ఇక ఆటిజము. ఇది పసితనమునుండియే మెదడు పెరుగుదలలో కలిగియుండు భేదము. ఇతరులతో భావము పంచుకొనుటలోను, నడవడిలోను అది కానవచ్చును. 1943లో బాల్టిమోరునందు లియో కానరు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఇది లోకమున ప్రసిద్ధికెక్కినది. పిమ్మట చాలకాలము తల్లులపై నేరము మోపబడినది. తల్లి హృదయము చల్లనైనదగుటచే బిడ్డ ముడుచుకొనిపోవునని 1967లో బ్రూనో బెటెల్‌హైము ఒక గ్రంథమే వ్రాసెను. తానే అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డు రిమ్లండు 1964లోనే ఆ వాదమును ఖండించియుండెను. 1977లో ఫోల్‌స్టైను, రట్టరు కవలలపై జరిపిన పరిశోధన వంశానుగతమైన కారణముల బలమును చూపినది. నాడు తల్లి ప్రేమ చాలలేదనిరి. నేడు తల్లి భాష ఎక్కువైనదనుచున్నారు. నేరస్థురాలు మాత్రము మారలేదు!

ఆటిజము నిశ్చయముగా కలిగిన బిడ్డకైనను రెండవభాష భారము కాదా యని కొందరడుగుదురు. కెనడాలో హాంబ్లీ, ఫోంబోను అనువారు 2012లో ప్రకటించిన పరిశోధనలో రెండు భాషల నడుమ పెరిగిన అట్టి పిల్లలకు ఒక భాషతో పెరిగినవారికంటె అధికమైన ఆలస్యము కానరాలేదు. ఇట్టి పరిశోధనలలోని పిల్లల సంఖ్య పెద్దది కాదు. అయినను ఫలితములు ఒకే వంకకు మొగ్గుచున్నవి. తెలుగును తీసివేసినంతమాత్రమున ఆటిజము తొలగదు. తాతతోను, మేనత్తతోను ఉన్న సంబంధము తెగును. నలుగురితో కలియుటయే కష్టమైన బిడ్డకు కలియదగిన నలుగురిని దూరము చేయుట ఏమి చికిత్స?

అట్లని శంకింపవలసిన చోట శంకింపకుండుటయు తగదు. “రెండు భాషలు గదా, ఆలస్యమగును”, “మగపిల్లవాడు గదా”, “మేనమామకును మాటలు ఆలస్యమే” అని యేండ్లు గడుపువారు మనలో కొల్లలుగా నున్నారు. భయపడి తెలుగు మాన్పించుట ఎంత పొరపాటో, ధైర్యముతో కాలము పోగొట్టుట అంతకు మించిన పొరపాటు. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడకుండుట, ఏడాదిన్నర వచ్చినను వింతను వ్రేలితో చూపి “అదిగో” యని తల్లి ముఖము చూడకుండుట, ఉత్తుత్తి వంట చేసి పెట్టు ఆటలు లేకుండుట, వచ్చిన మాటలు పోవుట – ఇవి గమనింపదగినవి. వీనిలో ఏ యొక్కటి కన్పించినను ఆటిజమేయని కాదు; పరీక్ష చేయింపవలెనని మాత్రమే. చూపుడువ్రేలికి తెలుగును లేదు, ఇంగ్లీషును లేదు. కావున ఈ గురుతులకు భాషల సంఖ్య సాకు కాజాలదు.

వేరొక భ్రమయు కలదు. కొందరు పిల్లలు తెరమీద విన్న ఇంగ్లీషు పాటలను అక్షరము పొల్లుపోకుండ అప్పగింతురు, చుట్టములు మెచ్చుకొందురు. కాని దాహమైనప్పుడు ఆ బిడ్డ నీళ్లడుగడు, లేదా తల్లి తన్నడిగిన “నీళ్లు కావాలా?” అను ప్రశ్ననే తిరిగి పలుకును. తెరను చూచి నేర్చిన నూరు వాక్యములకంటె, కన్నులలోనికి చూచి అడిగిన “నీళ్లు” అను ఒక్క మాట విలువైనది. గొప్పయని మురియుటకు ముందు ఈ భేదమును తలిదండ్రులు గుర్తింపవలెను.

శంక కలిగినచో చేయవలసినదేమి? మొదట వినికిడి పరీక్ష. పిమ్మట శిశువైద్యుని సలహా. అమెరికా శిశువైద్యుల సంఘము 18వ నెలలోను 24వ నెలలోను పిల్లలనందరిని ఆటిజమునకై పరిశీలింపవలెనని విధించియున్నది. మనకు సికిందరాబాదులో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ, నేడు దివ్యాంగజనుల సాధికారత పేరుతో, మనోవికాసనగరమునందు పనిచేయుచున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమునందు ఆటిజమునకు స్థానము లభించినది. పరీక్షించువారిని ఒక్క మాట తప్పక అడుగవలెను: బిడ్డను ఏ భాషలో కొలుచుచున్నారు? తెలుగులో 30, ఇంగ్లీషులో 20 మాటలు నేర్చిన బిడ్డను ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించినచో ఆ 30 మాటలు లెక్కకు రావు. వెనుకబడినవాడను ముద్ర మాత్రము పడును. రెండు భాషలను కలిపి కొలుచుటయే న్యాయము.

ఇంటిలో ఏ భాష మాటాడవలెను? తలిదండ్రులకు అప్రయత్నముగా వచ్చు భాష. ఏ భాషలో బిడ్డను లాలింపగలరో, బుజ్జగింపగలరో, అలుగగలరో, ఆ భాష. అది తెలుగైనను, హైదరాబాదు ఉర్దూ యైనను, ఇంగ్లీషే యైనను దోషము లేదు. బిడ్డకు కావలసినది మాటల సమృద్ధి. తడబడుచు అరువు తెచ్చుకొన్న భాషలో ఆ సమృద్ధి యుండదు.

కావున, బంతి మంచము క్రిందికి “రోల్” అయినదని చెప్పిన ఆ బాలుని తండ్రికి మా మనవి యిది. వాడు మిమ్ము పిలిచినాడు, జరిగినది చెప్పినాడు, సాయము కోరినాడు. మాటలో ఇంగ్లీషెంత, తెలుగెంత యని తూచుట మాని, వంగి ఆ బంతిని తీసి యిండు. అట్లు పిలువని బిడ్డ మీ యింట నున్నచో, రేపటికి వాయిదా వేయక నేడే వైద్యుని కడకు తీసికొనిపొండు. రెండు సందర్భములందును నాయనమ్మ కథను మాత్రము ఆపకుడు.