మీకు తెలుసా? ఉప్పునీటిలో పాత పడవ యింజను

ఉత్తరాంధ్ర తీరమునుండి తరలిపోయిన తెలుగు జాలరులు అనేకులు స్థిరపడిన దక్షిణ అండమానులో, పోర్ట్ బ్లెయిరు చెంతనున్న బ్రూక్షాబాద్ పరిసరములయందు, పడవ వెనుక బిగించు ఔట్‌బోర్డు ఇంజనునకు తుపానుకన్న ఘోరశత్రువు దాని లోపలిదారులలో ఎండి గడ్డకట్టు ఉప్పే.

1909 ప్రాంతమున అమెరికాలోని మిల్వాకీ నగరమున, నార్వేలో జన్మించిన ఓలే ఎవిన్రూడ్ విక్రయమునకు తెచ్చిన ఇంజను మొదలు నేటివరకును, ఈ జాతి యంత్రములలో అధికభాగము తాము తేలియాడు నీటినే తోడుకొని చల్లబడును. ఇంజను నడచుచుండగా ప్రక్కనుండి వెడలు సన్నని నీటిధార ఇందుకు సాక్ష్యము. అది సన్నగిల్లినచో వెంటనే ఇంజను నాపి, ముందుగా ఆ రంధ్రమును సన్నని తీగతో పొడిచి చూడవలెను, ఏలయన పలుమారులు దోషము అక్కడ చిక్కిన ఇసుకదో ఉప్పుదో యగును. అప్పటికిని ధార రాకున్న, పంపులోని రబ్బరు ఇంపెల్లరు అరిగినదేమో విప్పి చూడవలసినదే.

పాత ఇంజను కొనువారు పైరంగును జూచి మురియుదురు గాని, గేరుపెట్టెలోని నూనెను జూచువారరుదు! అది పాలవలె తెల్లబారినచో నీరు చొచ్చినట్లే, సీలు మార్పించవలెను. తాను కరగి తక్కిన లోహమును గాచు జింకు దిమ్మను సగము తరుగగానే మార్చవలెను.

ఒడ్డు చేరిన ప్రతిసారియు లోపలిదారులను మంచినీటితో కడుగుడు. నీరందనిదే ఇంజనును క్షణమైనను నడుపకుడు.