ఫొటో వెనక్కి తిప్పి చూడండి

గత నెల దౌల్తాబాద్‌లో ఒక అవ్వను మట్టిచేసి వస్తుంటే, ఆమె మనవడు ఒక పాత ఫొటో నా చేతిలో పెట్టాడు. దళసరి అట్టకు అంటించిన ఫొటో. కోటు తొడిగిన ఒకాయన, కుర్చీలో ఒకామె, ఇద్దరు పిల్లలు. "అయ్యగారూ, వీళ్లెవరో మీకు తెలుసా?" అన్నాడు. చెప్పగలిగిన మనిషిని అప్పుడే సమాధిలో పెట్టి వచ్చాం.

ఈ ప్రశ్న యూదులకు మనకంటే ఎక్కువగా ఎదురైంది. 1881 నుంచి 1924 వరకు తూర్పు ఐరోపా నుంచి 20 లక్షలకు పైగా యూదులు అమెరికాకు వలస వెళ్లారు. ఊళ్లో మిగిలినవాళ్లు స్టూడియోలో ఫొటో దిగి, కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు రాసి వాళ్లకు పంపేవారు. లిథువేనియాలోని ఐషిషోక్ అనే ఊరి యూదులను 1941 సెప్టెంబరులో రెండు రోజుల్లో చంపేశారు. చిన్నతనంలో ప్రాణాలతో బయటపడిన యాఫా ఎలియాక్ పెద్దయ్యాక దేశదేశాల్లోని బంధువుల ఇళ్లు తిరిగి, ఆ ఊరివి దాదాపు 6,000 ఫొటోలు పోగుచేశారు. ఆ ఊళ్లో ఫొటో స్టూడియో నడిపింది ఆమె తాతా అమ్మమ్మలే. ఇంట్లో ఉన్న ప్రతులు పోయాయి, దూరదేశానికి పంపినవి మిగిలాయి. వాటిలో వెయ్యికి పైగా ఇప్పుడు వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

మన ఇళ్ల నుంచీ మనుషులు వెళ్లారు. బొంబాయిలో కామాఠీపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి పనికి వెళ్లిన తెలుగు కామాఠీల వల్లనే వచ్చింది. కనుక మీ ఇంట్లో లేని ఫొటో ముంబైలోని మేనత్త పెట్టెలో ఉండవచ్చు, అడగండి.

ఫొటో దొరికితే ముందు వెనక్కి తిప్పండి. స్టూడియో పేరు, ఊరు అట్ట మీదే అచ్చయి ఉంటాయి. నాలుగుంబావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తు ఉన్న అట్ట అయితే చాలావరకు 1866 తర్వాతిది, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందుది. పోస్టుకార్డు మీద అచ్చయి, వెనుక చిరునామాకూ ఉత్తరానికీ మధ్య గీత ఉంటే అది 1902కు ముందుది కాదు. వికారాబాద్, తాండూరు మీదుగా వాడి–సికింద్రాబాద్ రైలు 1874లోనే వచ్చింది కాబట్టి సికింద్రాబాద్ స్టూడియో పేరు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. లాలా దీనదయాళ్ స్టూడియో అక్కడిదే. కోటు చూసి మాత్రం తాతగారు ధనవంతుడనుకోకండి. చాలా స్టూడియోల్లో కోటూ కుర్చీలూ వాళ్లవే, వెనుక ఉన్న మేడ కూడా గుడ్డ మీద వేసిన బొమ్మే!

మన క్రైస్తవ కుటుంబాల్లో ఇంకో చిక్కుంది. బాప్తిస్మంతో పేరు మారుతుంది. ఎల్లయ్య యోహాను అయ్యాక పాత పేరుతో వెదికితే సంఘ రిజిస్టరులో దొరకడు. చెర నుంచి తిరిగి వచ్చినవారిలో కొందరు తమ వంశావళి చూపలేక యాజకత్వానికే దూరమయ్యారని ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయంలో చదువుతాం. మన దగ్గర ఆ లంకె తరచుగా ఒక ముసలమ్మ జ్ఞాపకంలోనే ఉంటుంది. ఫొటో ఆమె ముందు పెట్టి అడగండి, ఆమె మాటలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. అట్ట నుంచి ఫొటోను ఊడదీయవద్దు. పేర్లు మెత్తని పెన్సిలుతో వెనుక అంచున రాయండి. బాల్‌పెన్ను గీతలు ముందువైపుకు ఉబ్బుతాయి.

ఆ అబ్బాయి ఫొటో వెనుక స్టూడియో ముద్రను చెదలు తినేశాయి. మూలన పెన్సిలుతో ఒక పేరు, "బొంబాయి" అన్న మాట ఉన్నాయి. రిజిస్టరు తీస్తే ఆ పేరు మూడు చోట్ల కనిపించింది. ముగ్గురిలో ఎవరో చెప్పగల పెద్దమ్మ తాండూరులో ఉన్నారు, వయసు ఎనభై ఏడు. ఈ శనివారం ఇద్దరం వెళ్తున్నాం.