ఏడుపొచ్చినంత మాత్రాన పనికిరానట్టేనా?

పోయినేడు సంక్రాంతి వెళ్ళిన వారానికి అనుకుంటాను. పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చి మా ఆడపడుచు కూతురు తలుపు కొట్టింది. వాళ్ళది కొల్లేరు లంక గ్రామం. ఎప్పుడూ ఏలూరులో రైలు దిగి నేరుగా బస్సెక్కి ఇంటికి పోయే పిల్ల. ఆ రోజు మాత్రం బ్యాగు దించకుండానే, “అత్తయ్యా, స్నానానికి నీళ్ళు పెడతారా?” అంది. మొహం చూస్తే రాత్రంతా ఏడ్చినట్టుంది.

నాలుగేళ్ళు బీయస్సీ నర్సింగ్ చదివింది. 2006లో కొల్లేరులో చెరువు గట్లు తొలగించినప్పుడు వాళ్ళ నాన్నకి చేపల చెరువు పని పోయింది. ఆ తర్వాత కూలీనాలీ చేసి, అప్పుచేసి చదివించారు. గూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరిందంటే ఊరంతా స్వీట్లు పంచారు. ఇది జరిగేనాటికి చేరి రెండు నెలలే అయింది.

స్నానం చేసి వచ్చి కూర్చుని, నెమ్మదిగా చెప్పింది. కిటికీ పక్క మంచంలో ఒక ముసలావిడ ఐదు రోజులుగా ఉందట. రోజూ రాత్రి బీపీ చూడటానికి వెళితే, “తిన్నావా అమ్మా?” అని అడిగేదట. ముందురోజు అర్ధరాత్రి దాటాక ఆవిడకి ఉన్నట్టుండి నాడి పడిపోయింది. డాక్టరుగారు వచ్చారు, చెయ్యాల్సిందంతా చేశారు. ప్రాణం నిలవలేదు. కొడుకు వచ్చి, “మీరు సరిగ్గా చూసుకోలేదు” అని అందరి ముందూ అరిచాడట.

ఈ పిల్ల గోడవారగా నిలబడి ఏడుస్తుంటే సీనియర్ సిస్టర్, “నువ్విలా ఏడుస్తూ కూర్చుంటే పక్క మంచం వాళ్ళకి సెలైన్ ఎవరు మారుస్తారు?” అని కసిరిందట. చేతులు వణుకుతున్నా వెళ్ళి మార్చింది. తెల్లవారుఝామున నాలుగింటికి ఆ సిస్టరే గ్లాసుతో టీ తెచ్చిచ్చి, “నా మొదటి పేషెంటు ఇప్పటికీ కలలోకి వస్తుంది” అందట.

ఇదంతా విని నేనేమన్నానో తెలుసా? “అలవాటైపోతుందిలేమ్మా.”

ఆ పిల్ల నా వంక చూసి, “అలవాటైపోతే నేనూ రాయినైపోతానా అత్తయ్యా? అలవాటు కాకపోతే ఈ పనికి పనికిరానా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. నేను కథలు రాస్తాను. నా కథల్లో నర్సులు తలుపు తోసుకుని వచ్చి, ఇంజక్షన్ చేసి వెళ్ళిపోతారు. ఆ గది దాటాక వాళ్ళు ఎక్కడికి వెళ్తారో, ఎవరి దగ్గర ఏడుస్తారో నేనెప్పుడూ రాయలేదు. అసలు ఆలోచించనే లేదు.

మధ్యాహ్నం మా ఆడపడుచు ఫోను చేసింది. “వదినా, సంబంధం వాళ్ళు నైట్ డ్యూటీలా అని అడుగుతున్నారు. మానేసి వచ్చెయ్యమని నువ్వైనా చెప్పు” అంది. చెప్పేద్దామనే అనుకున్నాను. ఎందుకో నోరు రాలేదు.

సాయంత్రం మా వీధి చివర ఉండే ఒక నర్సమ్మని పిలిచాను. 2020 డిసెంబరులో మా ఏలూరుని వణికించిన ఆ వింత జబ్బు మీకు గుర్తుండే ఉంటుంది. ఉన్నట్టుండి మనుషులు మూర్ఛవచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. చాలామంది త్వరగానే కోలుకుని ఇళ్ళకి వెళ్ళారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు తర్వాత చెప్పారు. అప్పటికి ఈ అమ్మాయి ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కూడా కాలేదు.

“భయం వెయ్యలేదా?” అని మా పిల్ల అడిగింది.

“వేసింది. అదేం జబ్బో పెద్ద డాక్టర్లకే తెలియదాయె. కానీ ఫిట్స్ వచ్చిన మనిషికి ఏం చెయ్యాలో నాకు తెలుసు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. బిగుతుగా ఉన్న బట్టలు వదులు చెయ్యాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. ఎంతసేపు వచ్చిందో టైము రాయాలి. ఆ నాలుగూ చేస్తూపోయాను. ఏడుపు ఇంటికొచ్చాక ఏడ్చాను. ఏడుపు తప్పు కాదు, చేతులు ఆగిపోకుండా చూసుకోవాలి, అంతే” అంది.

ఆ మాట నాకూ కళ్ళు తెరిపించింది. తర్వాత ఈ విషయం మీద కొంత చదివాను. అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సు 1974లోనే కొత్త నర్సుల అవస్థ మీద పుస్తకం రాసింది. మొదట అంతా బాగుందనిపిస్తుంది. తర్వాత చదివినదానికీ వార్డులో జరిగేదానికీ పొంతన లేక దెబ్బతింటారు. ఆపైన మెల్లగా తేరుకుంటారు. ప్యాట్రీషియా బెన్నర్ అనే ఇంకో నర్సు 1984లో, ఒకేరకం పని రెండు మూడేళ్ళు చేస్తేగానీ సమర్థత రాదని రాసింది. అలాంటప్పుడు రెండు నెలలకే ‘నేను పనికిరాను’ అని తీర్పు చెప్పేసుకోవడం ఎంత తొందరపాటు!

కొత్తగా చేరే అమ్మాయిలకి

తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి. మందు మోతాదు మీద అనుమానం వస్తే ఇంజక్షన్ చెయ్యకముందే అడగండి. ఆ క్షణంలో నలుగురూ నవ్వినా ఫరవాలేదు, నష్టం లేదు. సీనియర్ల కసురు వెనక పనిభారం ఉండొచ్చు. కానీ రోజూ అవమానిస్తుంటే మాత్రం ఓర్చుకోనక్కర్లేదు, పైవాళ్ళకి చెప్పండి. చేసిన పని ఎప్పటికప్పుడు కేస్‌షీట్లో రాసుకోండి. ఎవరైనా నింద వేసినప్పుడు మీకు అండగా నిలిచేది అదే. రోగి బంధువుల కోపం చాలాసార్లు మీ మీద కాదు, దుఃఖం మీద. అలాగని చెయ్యెత్తితే ఊరుకోవద్దు, వెంటనే తోటివాళ్ళని పిలవండి.

వారాల తరబడి నిద్రపట్టకపోయినా, బతకాలనిపించకపోయినా దాచుకోవద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కి 14416 నెంబరులో ఏ వేళయినా ఫోను చెయ్యొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బేమీ తీసుకోరు.

మరి ఇంట్లోవాళ్ళం?

నైట్ డ్యూటీ చేసి వచ్చిన పిల్లని పగలు పదిసార్లు లేపుతాం. చుట్టాలొచ్చారు, లేచి పలకరించమంటాం. అబ్బాయి రాత్రి షిఫ్టులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తే గొప్పగా చెప్పుకుంటాం. అమ్మాయి రాత్రి ప్రాణాలు కాపాడి వస్తే మాత్రం సంబంధాల దగ్గర గొంతు తగ్గిస్తాం. ఇదెక్కడి న్యాయమండీ?

ఆ సాయంత్రం మా ఆడపడుచుకి నేనే తిరిగి ఫోను చేశాను. “మానమని నేను చెప్పను వదినా. మానాలో ఉండాలో దాన్నే తేల్చుకోనీ. వచ్చినప్పుడు మాత్రం కడుపునిండా పెట్టి పడుకోనీ” అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆ సంబంధం తప్పిపోయిందని నాలుగు రోజులకి తెలిసింది. నామీద కోపం రెండు నెలలుంది.

పిల్ల మాత్రం మర్నాడే డ్యూటీకి వెళ్ళింది. ఇప్పటికి ఏడాది దాటింది. ఇంకా చేస్తూనే ఉంది. “ఇప్పుడు ఏడుపు రావట్లేదా?” అని మొన్న ఫోనులో అడిగాను. “వస్తుంది అత్తయ్యా. కాకపోతే సెలైన్ మార్చాక వస్తుంది” అని నవ్వింది.

ఆ నవ్వు విన్నాక నాకు ఆ కిటికీ పక్క ముసలావిడ గుర్తొచ్చింది. అన్ని మంచాలున్న వార్డులో ఆ పిల్లని “తిన్నావా” అని అడిగింది ఆవిడొక్కతే. ఈసారి మీరు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మీ మంచం దగ్గరికొచ్చే సిస్టర్ని ఆ మాట ఒక్కసారి అడిగి చూడండి.