సేవయా? ఉద్యోగమా?

పత్రికలో 'కావలెను' అన్న ప్రకటనను ఉద్యోగస్థుడు చూచి పేజీ త్రిప్పుతాడు. నిరుద్యోగి కత్తిరించి జేబులో దాచుకుంటాడు. కనుక జీతంలేని స్వచ్ఛంద సేవకు మనుషులను పిలుస్తూ 'నియామకం', 'ఉద్యోగావకాశం' అనే మాటలు వాడవచ్చునా అన్నది విచారింపదగిన విషయం.

మాకు తెలిసిన ఒక పట్టభద్రుడు 'ఉపాధ్యాయులు కావలెను' అన్న ప్రకటన చూచి, బస్సు ఛార్జీకి అప్పు చేసి పట్టణానికి వెళ్లాడు. జీతం ఉండదన్న సంగతి ఎంపికైన పిమ్మట గాని చెప్పలేదు. ఆ సంస్థ చేసే పని మంచిదే. అయినా ఇంట్లో అమ్మీకి ఏమి చెప్పాలో తోచక అతడు ప్రొద్దుగూకే వరకు బస్టాండులోనే కూర్చున్నాడు.

సేవను సేవగానే పిలిచిన ఉదాహరణ మన కళాశాలలలోనే ఉన్నది. 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ చేయాలని అందులో చేరే విద్యార్థికి ముందే తెలుసు. అతడు జీతం ఆశించడు, మోసపోడు.

మాట స్పష్టంగా లేనిచోట చిక్కులు తప్పవు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ వాలంటీర్లను దరఖాస్తులు, ఇంటర్వ్యూల ద్వారా ఎంపిక చేసి, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. 2021లో కొందరు జీతం పెంచమని కోరగా, అది ఉద్యోగం కాదు, సేవ అన్న సమాధానం వచ్చింది.

న్యాయస్థానాల దృష్టి కూడా గమనింపదగినది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, పేదరికం వల్ల కనీస వేతనం కంటే తక్కువకు పని చేయవలసిరావడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయేనని తీర్పు చెప్పింది. ఇష్టపూర్వకమైన సేవకు ఈ తీర్పు వర్తించదు. అయితే, విషయం తెలియకుండా ఇచ్చిన సమ్మతిని ఇష్టం అనగలమా?

'జీతం లేదంటే ఎవరు వస్తారు?' అని కొందరు ప్రశ్నిస్తారు. తక్కువమందే రావచ్చు, కాని వచ్చినవారు నిలుస్తారు. ఆశపడి వచ్చినవాడు మొదటి నెల గడవగానే వెళ్లిపోతాడు.

కాబట్టి ప్రకటన మొదటి పంక్తిలోనే 'జీతం లేని సేవ' అని ఉండాలి. పని గంటలు, ఎంతకాలం చేయాలి, దారి ఖర్చులు ఇస్తారా, ధ్రువపత్రం ఇస్తారా అన్నవి దాని వెంటనే రావాలి. మన కళాశాల నోటీసు బోర్డులో 'ఉద్యోగాలు', 'సేవావకాశాలు' అని రెండు వేరు శీర్షికలు ఏర్పాటు చేయవలసిందిగా పాలకవర్గాన్ని కోరుతున్నాము. విద్యార్థులు కూడా దరఖాస్తు వ్రాసే ముందు జీతం సంగతి అడగడానికి సిగ్గుపడరాదు.