దావీదు తన స్నేహితుణ్ణి ఎలా తలచుకున్నాడు?

ఈ వారం మన ధ్యానానికి సమూయేలు రెండవ గ్రంథం మొదటి అధ్యాయం, 17వ వచనం నుండి చివరి వరకు తీసుకుందాం. బైబిలు దగ్గరున్నవారు తెరచి ఉంచుకోండి. వంటింట్లోనో ప్రయాణంలోనో వింటున్నవారు తర్వాత చదువుకోండి.

గిల్బోవ కొండ మీద సౌలు, యోనాతాను చనిపోయారు. సిక్లగులో ఉన్న దావీదుకు ఆ కబురు అందింది. అతడు బట్టలు చింపుకుని, ఉపవాసముండి, సాయంత్రం వరకు ఏడ్చాడు. ఆ తర్వాత ఒక విలాప గీతం కట్టి, దాన్ని యూదావారికి నేర్పించమన్నాడు. మన తెలుగు బైబిలులో దానికి ధనుర్గీతమని పేరు. హెబ్రీలో ఆ చోట ఉన్నది ఒక్కటే మాట, ‘విల్లు’. ఎందుకా పేరు? యోనాతాను విలుకాడు. స్నేహం కలిసిన మొదటి రోజుల్లోనే తన విల్లు తీసి దావీదుకు ఇచ్చేశాడు (1 సమూయేలు 18:4). తర్వాత దావీదు ప్రాణం కాపాడటానికి బాణాలతోనే సైగ చేశాడు (20వ అధ్యాయం). అందుకే దావీదు తన స్నేహితుణ్ణి అతని చేతిలోని పనిముట్టుతో గుర్తు పెట్టుకున్నాడు. అతని వేగాన్నీ పొగిడాడు, పక్షిరాజులతో పోల్చాడు.

ఈ భాగం మీద మాట్లాడటానికి నాకొక కారణం ఉంది. నాతో చదువుకున్న ధూల్‌పేట్ స్నేహితుడొకడు మొన్న కన్నుమూశాడు. పేరు చెప్పను, ఇంటివాళ్ళు ఇంకా దుఃఖంలో ఉన్నారు.

ధూల్‌పేట్ గురించి తెలియనివారికి ఒక మాట. హైదరాబాదు పాతబస్తీలో మంగళ్‌హాట్ పక్కన ఉంటుంది. వినాయక చవితికి నెలల ముందు నుంచే ఆ గల్లీల్లో విగ్రహాల పని నడుస్తుంది, సంక్రాంతికి పతంగుల పని. ఒకప్పుడు గుడుంబా పేరుతో పేపర్లకెక్కిన పేట. నిజానికి అక్కడున్నంత చేతిపనితనం నగరంలో చాలా చోట్ల కనపడదు. మావాడి ఇంట్లోనూ విగ్రహాల పనే. లోపలి కర్రలు, ఇనుప చువ్వలు బిగించడం చూస్తూ చిన్నప్పుడే వెల్డింగు పట్టుకున్నాడు. జుమెరాత్ బజారులో పాత సామాన్ల కుప్పల్లోంచి కార్బురేటరు ఏరుకొచ్చి బడి సంచిలో పెట్టుకునేవాడు. పుస్తకాలకు నూనె మరకలు. మాస్టారు కొట్టేవారు.

పెద్దయ్యాక చిన్న షెడ్డు పెట్టాడు. అతనికిష్టమైన బండి మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, సుమారు 650 కిలోల బరువు. 1983 డిసెంబరులో మొదటి కారు ఇచ్చారు, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. మన ఇళ్ళల్లో అది పెళ్ళికీ ఆసుపత్రికీ తిరిగిన బండి. మావాడి చేతిలో పడితే అది వేరే జంతువు. సిలిండర్ హెడ్డు అరగదీసి కంప్రెషను పెంచేవాడు, కార్బురేటరు జెట్లు మార్చేవాడు, ఫ్లైవీలు బరువు తగ్గించేవాడు. “బలం పెంచాలంటే పైసలు కావాలె, బరువు తగ్గించాలంటే ఓపిక చాలు” అనేవాడు. సీట్లు, కార్పెట్టు, డోరు లోపలి అట్టలు అన్నీ ఊడదీసి తూకం వేసేవాడు, బంగారం తూచినట్టు.

అయితే ఏ బండికైనా మొదట చేసేది బ్రేకుల పని. ఇంజను చివర. స్పీడు రెండింతలైతే, బ్రేకు నొక్కాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్క మాకు ఫిజిక్సు మాస్టారు చెప్పారు, నేను పరీక్షలో రాసి మరచిపోయాను. అతను గోడ మీద సున్నంతో రాసిపెట్టుకున్నాడు. రాత్రిపూట రోడ్ల మీద పందాలు వేసే కుర్రాళ్ళకు బండి చేసిచ్చేవాడు కాదు. “ట్రాకు మీదికి పో” అనేవాడు. ట్రాకంటే మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై, అంత దూరం. బండి అసలు రూపు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. మీ పిల్లలు ఇలాంటి పని చేయిస్తామంటే ఈ సంగతి చెప్పండి.

ఒకసారి నన్ను బహదూర్‌పురా తీసుకెళ్ళాడు. జూ పార్కు దగ్గర కన్యాబోయిన సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం ఉంది, 2010లో తెరిచారు. బూటు కారు, బ్యాటు కారు, అన్నీ ఆయన చేతులతో చేసినవే. 2005లో ఆయన నడిపిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 12 మీటర్ల పైనే, గిన్నిస్ బుక్కులోకెక్కింది. మావాడు ఒక్కొక్క వెల్డింగు అతుకూ వంగి చూశాడు. బయటికొచ్చి, “పని మంచిగుంది భాయ్, గని స్పీడెంత పోతది?” అన్నాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు మాత్రం నోరు మెదపలేదు. కరెంటు కార్లు చప్పుడు లేకుండా దూసుకుపోతుంటే చిన్నపిల్లాడిలా చూశాడు.

అతను ప్రమాదంలో పోలేదు. ఇంట్లో మంచం మీద నిద్రలో గుండె ఆగింది. అయినా ఫోను చేసిన ప్రతివాళ్ళూ, “ఏ బండి గుద్దుకుంది?” అనే అడిగారు. నిద్రలో పోయాడని చెప్పాక కూడా ఒక విశ్వాసి ప్రసంగి 9:11 ఎత్తి, “చూశారా పాస్టరుగారూ, వేగం గలవాడి గతి” అన్నారు. ప్రియులారా, ఆ వచనం వేగం గలవారిని తిట్టడం లేదు. వేగం గలవారికీ, బలవంతులకూ, జ్ఞానులకూ అందరికీ కాలం వస్తుందని చెబుతోంది. ఆ అందరిలో నేనూ ఉన్నాను, ఆయనా ఉన్నారు. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా అని ప్రభువే అడిగాడు. కాదని ఆయనే చెప్పాడు (లూకా 13:4, 5). చావు తీరును చూసి మనిషి లెక్క తేల్చే పని ఆయన మనకు అప్పగించలేదు.

దినాల నాడు వాళ్ళమ్మ నన్ను పక్కకు పిలిచింది. “నువ్వు పాస్టరువి గదా బేటా, చెప్పు. గా బండ్ల మీద గంత మనసు పెట్టుడు పాపమా?” అంది. బెసలేలు సంగతి చెప్పాను. నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపానని ఒక మనిషిని పేరు పెట్టి చూపించాడు. ఆ మనిషి ప్రవక్త కాదు, రాజు కాదు. లోహం, రాయి, కర్ర పని తెలిసినవాడు. చేతికి వచ్చిన పని దేవుడిచ్చిందేనమ్మా అన్నాను. ఆమె తల ఊపింది. సంతోషించిందో లేదో చెప్పలేను.

మరి ఇప్పుడతను ఎక్కడున్నాడని మన సంఘంవారే నన్ను అడిగారు. అతను క్రిస్మస్‌కు వచ్చేవాడు, ప్రార్థనకు తల వంచేవాడు, బాప్తిస్మం తీసుకోలేదు. క్రీస్తే మార్గమని ఇరవై ఏళ్ళుగా ప్రకటిస్తున్నాను, అతనికీ చెప్పాను. కానీ లోకమంతటికీ న్యాయం తీర్చేవాడు న్యాయం చేయడా అని అబ్రాహాము అడిగిన చోటే (ఆదికాండం 18:25) నేనూ నిలబడ్డాను. అంతకు మించి చెప్పే అధికారం నాకు లేదు. ధనుర్గీతం మళ్ళీ చదవండి, అందులో దావీదు దేవుని పేరు కూడా ఎత్తలేదు. విల్లు, ఖడ్గం, వేగం, ప్రేమ, ఏడుపు, ఇంతే. అది పరిశుద్ధ గ్రంథంలో ఉండదగిన ఏడుపే.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఆమె కుట్టిన అంగీలు చూపించారు (అపొస్తలుల కార్యములు 9:39). మావాడి షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళు కూడా నాకు చెప్పుకోలేదు, చూపించారు. స్టాండు మీద ఎత్తిపెట్టిన ఒక తెల్ల మారుతి. లోపల ఇంజను లేదు. నాలుగు చక్రాలకూ బ్రేకుల పని మాత్రం పూర్తయింది. దాన్ని వాళ్ళే పూర్తి చేస్తామన్నారు.

ఆ తల్లి కోసం, ఆ కుర్రాళ్ళ కోసం ఈ వారం ప్రార్థించండి. వచ్చే వారం ఇదే సమయానికి రెండవ అధ్యాయం చూద్దాం, దావీదు హెబ్రోనుకు వెళ్ళడం.